బ్రేకుకు ముఖం ఎటువైపు?

దేవరకొండ,
20 జూన్ 2022

మల్లికక్కకు,

ఇంట్లో అందరం బాగున్నాం, కారు ఒక్కటి తప్ప. నిన్న నీ ఫోన్ మళ్ళీ వచ్చింది. "హలో నిరోషా" అన్నావు. ఆ తర్వాత గాలి, ఆ తర్వాత ఏదో పక్షి. ఇక లాభం లేదని బాపు బజారుకు పోయి ఉత్తరం కాగితాలు కొనుక్కొచ్చాడు. మీ అడవి బడికి సిగ్నల్ వచ్చేదాకా నా చేతిరాత భరించు.

సంగతి ఏమిటంటే, కారు వెనుక చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. నేనుండగా మెకానిక్ ఎందుకని నరసింహ మామ వచ్చాడు. బోరు మోటార్లు విప్పి బిగించే చెయ్యి కదా. కొత్త ప్యాడ్లు తెచ్చారు, అవ్వ పూజ చేసి ఇచ్చింది, మామా బాపూ కలిసి బిగించారు. కాలు బ్రేకు బాగానే పడుతున్నది. హ్యాండ్ బ్రేక్ మాత్రం పడడం లేదు. పైకి గుంజితే కటకటమని చప్పుడు చేస్తుంది, కారేమో తన దారిన తాను పోతుంది.

మొన్న ఖిల్లా కింద, దుర్గయ్య హోటల్ ముందు వాలులో ఆపి బాపు చాయ్‌కి దిగాడు. కారు మెల్లగా వెనక్కి బయలుదేరింది. బాపు ఉరకలేడు కదా. దాని పక్కనే కుంటుకుంటూ నడుస్తూ, బానెట్ మీద చెయ్యి వేసి "ఆగవే, జర ఆగు, యాడికి పోతవ్" అని బతిమాలుకుంటూ పోయాడు. చివరికి దుర్గయ్య నీళ్ళ డ్రమ్ముకు ఆనుకుని ఆగింది. వెనుక సీట్లో నిద్రపోతున్న కిరాయి మనిషి లేచి "ఊరొచ్చిందా?" అన్నాడు.

నవ్వకు. ఆగస్టులో కారుకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. నల్లగొండలో ఆర్టీఓ ఆఫీసు వెనుక ఎత్తు మీదికి ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాలు తీయమంటారట. నిలబడకపోతే కాగితం ఇవ్వరు. కాగితం లేకపోతే కిరాయికి తిప్పొద్దు. గొర్లన్నీ అమ్మి కొన్న కారు. పర్వతాలు పెదనాయన అప్పుడే వచ్చి, "ఏం ఫికర్ జెయ్యకు తమ్మీ, కారు పోతె పోనియ్. మా మంద ఎంబడి రా, జీతం ఇస్త" అని పోయాడు. ఆ మోకాలుతో బాపు మళ్ళీ గుట్టలెక్కాలి.

"అక్కకు రాయి బిడ్డా. చదువుకున్నది గదా, చెప్తది" అన్నాడు బాపు. రాశాను.

నీ చెల్లె
నిరోష

~

అచ్చంపేట అవతలి అడవి నుంచి,
27 జూన్ 2022

చెల్లె నిరోషకు,

నీ ఉత్తరం రేషన్ జీపులో, కందిపప్పు సంచి మీద కూర్చుని వచ్చింది. చదివి నవ్వలేదు. కొంచెం నవ్వాను.

ముందుగా బాపుకు ఒక మాట నెమ్మదిగా చెప్పు. నేను చదివింది వృక్షశాస్త్రం. కార్ల చదువు వేరే ఉంటుంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు పెదనాయన భూమి కాగితాలు తెచ్చి ముందర పెట్టాడు. డిగ్రీలో చేరగానే అవ్వ తన కన్ను తెరిచి "చూడు బిడ్డా, ఏం బెట్టాలె గిండ్ల" అన్నది. తెలియదు అంటే "మరి ఇన్నేండ్లు ఏం జదివినవే" అంటారు. అందుకని నేనెప్పుడూ తెలియదు అనలేదు. తెలిసినవాళ్ళను అడిగి చెబుతూ వచ్చాను. ఇప్పుడూ అంతే. జీపు నడిపే గిరి అన్నను అడిగాను.

ఆయన చెప్పింది ఇది. హ్యాండ్ బ్రేక్ నుంచి వెనుక చక్రాలకు ఇనుప తీగ పోతుంది. అది వదులైతే ఎంత గుంజినా పట్టు ఉండదు. హ్యాండ్ బ్రేక్ కింది తొడుగు ఎత్తితే ఒక నట్టు కనిపిస్తుంది. దాన్ని బిగించాలి.

ఎందుకో కూడా బాపుకు వివరించు. బ్రేకు అంటే రాపిడి. చక్రంతో పాటు ఒక ప్లేటు తిరుగుతుంది. దాన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు కరిచి పట్టుకుంటే ఆ రాపిడికి చక్రం ఆగుతుంది. అర్థం చేసుకుని బిగించడం మంచిది. అప్పటిదాకా చక్రం కింద రాయి పెట్టండి.

అందరినీ అడిగినట్టు చెప్పు.

మీ మల్లిక

~

దేవరకొండ,
4 జూలై 2022

అక్కా,

నువ్వు చదివింది చెట్ల చదువని బాపుకు చెప్పాను. బాపు ఏమన్నాడో విను. "చెట్ల సంగతి తెల్సినోళ్లకు గీ సంగతి తెల్వదా? చెట్టు కంటె మంచిగ నిలవడెటిది ఏమున్నది లోకంల? అది ఎట్ల నిలవడ్తదో గదే రాయుమను."

నట్టు దొరికింది. మామ దాన్ని బోరు పైపు బిగించినట్టు బిగించాడు. ఇప్పుడు కారు కొత్త కోడలు లాగా వెనక్కి గుంజుకుంటూ నడుస్తుంది. వాలులో ఆపితే మాత్రం ఎప్పటిలాగే జారుతుంది. నడవమంటే నడవదు, నిలబడమంటే నిలబడదు.

ఇంకో వింత ఉంది. నట్టు బిగించినప్పటి నుంచి కారులో తాలింపు వాసన. నిజంగా అక్కా. రెండు ఊళ్ళు దాటేసరికి కిరాయి వాళ్ళు ముక్కులెగబీల్చి "ఎవలింట్ల పులిహోర జేస్తున్నరు?" అంటారు. మూడో ఊరికల్లా అందరికీ ఆకలి. తిరుగు ప్రయాణంలో అందరూ దుర్గయ్య హోటల్ ముందే దిగుతున్నారు. దుర్గయ్య డ్రమ్ము సొట్ట సంగతి మరిచిపోయి, బాపుకు రోజూ చాయ్ ఊరికే పోస్తున్నాడు.

ఇక బాపు తనంతట తాను ఒక కారణం కనుక్కున్నాడు. "ఒంటి గొర్రె ఎన్నడన్న నిలవడ్తదా? దానికి మంద గావాలె" అని కారును తీసుకుపోయి జానయ్య ట్రాక్టర్ పక్కన పెట్టాడు. పొద్దుగూకే దాకా కదలలేదు! అప్పటి నుంచి ఎప్పుడూ ఇంకో బండి పక్కనే ఆపుతున్నాడు. ఆ బండి పోతే మన కారుకు తోడు ఉండదు కదా. నిన్న పక్కనున్న ఆటో కిరాయికి పోతుంటే, బాపు కూడా దాని వెంట మల్లేపల్లి దాకా పోయి వచ్చాడు. కారులో ఒక్క మనిషి లేడు.

సగం నయమైనట్టేనా? రాయి.

నిరోష

~

అడవి నుంచి,
11 జూలై 2022

నిరోషా,

నీ ఉత్తరం చదివి బాధ వేసింది. కారులో పులిహోర పెట్టుకుని తిరుగుతారా? అది కిరాయి బండి. అన్నం మెతుకులకు ఎలుకలు వస్తాయి, ఎలుకలు తీగలు కొరుకుతాయి. హ్యాండ్ బ్రేక్ తీగ కొరికేసి ఉంటాయని నాకు గట్టి అనుమానం. అవ్వకు ప్రేమ ఎక్కువ అని తెలుసు. కానీ బాపుకు సద్ది కట్టిచ్చేటప్పుడు మూత ఉన్న డబ్బాలో కట్టమని చెప్పు. ముందు కారంతా దులపండి.

జానయ్య ట్రాక్టర్ పెట్టే జాగా చదునుగా ఉంటుందేమో చూడండి. తోడు సంగతి నేను కాదనను గానీ, ముందు అది చూడండి.

నట్టు మళ్ళీ వదులు చేయండి, లేకపోతే చక్రాలు వేడెక్కుతాయి. గిరి అన్న ఇంకో మాట చెప్పాడు. వెనుక చక్రాల బ్రేకును మూసి ఉంచే డ్రమ్ము విప్పి, లోపల మట్టి పేరుకుందేమో చూడాలట. జాగ్రత్తగా విప్పమని మామకు చెప్పు.

మల్లిక

~

దేవరకొండ,
17 జూలై 2022

అక్కా,

ఈ ఇంట్లో ఉగాది నుంచి ఇప్పటిదాకా పులిహోర చేయలేదు. నీ ఉత్తరం గట్టిగా చదివి తప్పు చేశాను. "నేను మెతుకులు పారవోసేదాన్ననా? ఏండ్లకేండ్లు పెంచితె గిదా మాట?" అని అవ్వ పొయ్యి దగ్గరికి పోవడం మానేసింది. రెండు రోజులుగా నేనే వండుతున్నాను. ఆ బాధ అందరూ అనుభవిస్తున్నారు.

కారంతా దులిపాం. ఎలుక లేదు. అయినా అక్క రాసింది కదా అని బాపు ఒక పిల్లిని తెచ్చి కారులో వదిలాడు. ఆ పిల్లి ఇప్పుడు దిగడం లేదు. ముందు సీటు దానిది. నిన్న ఒక పెద్దమనిషి ముందు కూర్చుంటానంటే బాపు "ఎనుక కూసోండ్రి పటేలా, అది లేవదు" అన్నాడు.

జానయ్య ట్రాక్టర్ జాగా చదునే. బాపు గోళీ పెట్టి చూశాడు, అదీ కదలలేదు. "సూసినవా, దానిక్కూడ తోడు దొరికింది" అన్నాడు.

నట్టు మామ కొంచెమే వదులు చేశాడు, వాసన పోలేదు. డ్రమ్ము విప్పమన్నావు. మన కారుకు డ్రమ్ము లేదు. నాలుగు చక్రాలకూ ప్లేట్లే. గిరి అన్న తన జీపుకు మందు చెబుతుంటే మనం మన కారుకు తాగిస్తున్నాం.

ఇప్పుడు అసలు మాట. బాపు స్టాండులో కారు దిగడం లేదు. కిరాయి వచ్చేదాకా లోపలే కూర్చుని బ్రేకు మీద కాలు నొక్కి పెట్టి ఉంటున్నాడు. దానితో మోకాలు ఇంకా వాచింది. నిన్న పెదనాయన వచ్చి ఒక గొంగడి, ఒక కర్ర అరుగు మీద పెట్టి పోయాడు. బాపు వాటి వైపు చూడడం లేదు. పరీక్ష ఆగస్టు పద్దెనిమిది.

నిరోష

~

అడవి నుంచి,
23 జూలై 2022

నిరోషా,

నాకు తెలియదు. ఈ మాట మన ఇంటికి నేను మొదటిసారి రాస్తున్నాను. బాపుకు చదివి వినిపించు.

తెలియదు కాబట్టి ఇక ఊహించను. బడిలో పిల్లలకు నేను చెప్పేదే ఇప్పుడు నేనూ చేస్తాను. ముందు చూడాలి, తర్వాతే అనుకోవాలి. నేను అక్కడ లేను కనుక నా కండ్లు నువ్వే. ప్యాడ్ల పెట్టె విప్పినప్పటి నుంచి చక్రం బిగించేదాకా ఎవరు ఏం చేశారో అంతా రాయి. పనికిరాదనిపించింది కూడా రాయి. ఏదీ వదలకు.

అవ్వ కాళ్ళు మొక్కి, పులిహోర మాట నాదే తప్పని చెప్పు.

మల్లిక

~

దేవరకొండ,
28 జూలై 2022

అక్కా,

నీకు తెలియదన్న ఉత్తరం చదివితే బాపు "పాపం, ఎంత కష్టమొచ్చిందో బిడ్డకు" అని ఖిల్లా దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

అంతా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను, విసుక్కోకు. మామ పొద్దున్నే వచ్చాడు. జొన్నరొట్టె, గోంగూర తిన్నాడు. పెట్టె విప్పితే నాలుగు ప్యాడ్లు ఉన్నాయి, చిన్న కొబ్బరి చిప్పలంత, ఒక వైపు ఇనుము, ఒక వైపు నల్లగా గరుకుగా. బాపు వాటిని పళ్ళెంలో పెట్టి అవ్వకు ఇచ్చాడు. అవ్వ దేవుని గూడు ముందర పెట్టి, మంచినూనెలో పసుపు కలిపి అన్నిటికీ నిండుగా రాసి, నల్ల వైపు కుంకుమ బొట్లు పెట్టి, అగర్‌బత్తి తిప్పి ఇచ్చింది. మామ కారును జాకీతో లేపాడు. చక్రం విప్పేటప్పుడు ఒక బోల్టు రాకపోతే మామ దాన్ని తిట్టాడు, ఆ తిట్టు రాయలేను. పాత ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. మధ్యలో మేక వచ్చి పెట్టె అట్ట తిన్నది. చక్రం బిగించారు. ముందర కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. తర్వాత అందరం చాయ్ తాగాం.

ఇంతే. ఇందులో నీకు పనికొచ్చేది ఏమీ లేదు. మేక సంగతి తప్ప.

నిరోష

~

అడవి నుంచి,
1 ఆగస్టు 2022

నిరోషా!

మేక కాదు! నూనె!

బ్రేకు అంటే రాపిడి అని రాశాను కదా. నూనె రాస్తే రాపిడి ఎక్కడిది? ప్యాడ్లు ప్లేటును పట్టుకోబోతున్నాయి, నూనె జారిపోనిస్తున్నది. కాలు బ్రేకు నొక్కితే ముందు చక్రాలు కారును ఆపుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. హ్యాండ్ బ్రేక్‌కు ఆధారం వెనుక చక్రాలే. మామ నట్టు బిగించగానే ప్యాడ్లు వేడెక్కి నూనె, పసుపు మాడాయి. మీ కిరాయి వాళ్ళకు నెల రోజులుగా ఆకలి పుట్టిస్తున్నది మన బ్రేకులే!

ఇంత చిన్న సంగతి మొదటి ఉత్తరంలో ఎందుకు రాయలేదని అడగబోయి ఆగిపోయాను. పూజ చేశారని రాశావు. మన ఇంట్లో పూజ అంటే ఏం చేస్తారో నాకు తెలియదా? నాకే తట్టలేదు.

ఆ ప్యాడ్లు నూనె తాగేశాయి, కడిగినా పోదు. మళ్ళీ కొత్తవే వేయాలి. ప్లేట్లను సబ్బునీళ్ళతో బాగా కడిగి ఆరబెట్టాలి. బిగించాక కారు కదిలించకముందే కాలు బ్రేకు గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. హ్యాండ్ బ్రేక్ కూడా చాలాసార్లు గుంజి వదలాలి. నట్టు సంగతి ఆ తర్వాతే చూడాలి. ఈసారి గిరి అన్న ఇలాంటి ప్లేట్ల కారు నడిపే వాళ్ళను అడిగి వచ్చి మరీ చెప్పాడు.

నూనె చుక్క తగలనివ్వకు.

మల్లిక

~

దేవరకొండ,
5 ఆగస్టు 2022

అక్కా,

కొత్త ప్యాడ్లు వచ్చాయి. దేవుని గూట్లో ఉన్నాయి. అక్కడి నుంచి కదలడం లేదు.

నూనె వద్దంటే అవ్వ సరే అన్నది, నీ మీద కోపం పోయింది కాబట్టి. ఉత్త పసుపు పెడతానన్నది. అయితే నల్ల వైపు వద్దు, వెనుక ఇనుము వైపు పెట్టు అవ్వా అన్నాను. అంతే. "బొట్టు మొకానికి వెడ్తరా, ఈపుకు వెడ్తరా? నీ పెండ్లికి పురోహితుడు నీ ఈపుకు వెడ్తడా?" అన్నది. ఇనుము వైపే ముఖం అనుకోమని మామ అన్నాడు. "మొకమయితె పని జేసె దిక్కు ఉంటది. నల్లదిక్కు పని జేస్తదని నువ్వే అంటివి" అని మామ నోరు మూయించింది. బాపు మధ్యలోకి వస్తే, "బండిల కూసునేది నా కొడుకు. బొట్టు లేని ఇనుముతోని పంపనియ్య" అని కన్నీళ్ళు పెట్టుకున్నది.

ఊరు కూడా రెండైంది. దుర్గయ్య రోజూ వచ్చి "అవ్వ చెప్పింది నిజమే, జర నూనె గూడ పడాలె, లేకుంటే దేవుడు ఊకుంటడా" అంటున్నాడు. ఆయన భక్తి ఎందుకో నీకు తెలుసు.

బ్రేకుకు ముఖం ఎటువైపు ఉంటుందో నువ్వు చెబితే అవ్వ వింటుందట. చదువుకున్నదానివి కదా. తొందరగా రాయి.

నిరోష

~

అడవి నుంచి,
9 ఆగస్టు 2022

అవ్వకు,

నీ మనుమరాలు మల్లిక దండాలు పెట్టి రాసేది. ఇది నిరోష నీకు చదివి వినిపిస్తుంది.

రెండు రోజులు ఆలోచించాను. నువ్వన్నది నిజం. బొట్టు ముఖానికే పెట్టాలి, వీపుకు పెట్టకూడదు. అయితే ముఖంలో అన్ని జాగాల పెడతామా అవ్వా? ప్యాడ్ చేసే పని ప్లేటును కరిచి పట్టుకోవడం. కరిచేవి పండ్లు. నల్లగా గరుకుగా ఉన్న వైపు పండ్లు. పండ్లకు ఎవరైనా బొట్టు పెడతారా? కుక్క పండ్లకు నూనె పూస్తే మందలో పడ్డ తోడేలును పట్టగలదా? వెనుక నున్నగా, వెడల్పుగా ఉన్న ఇనుము నొసలు. అక్కడ చిటికెడు పొడి పసుపు, చిన్న బొట్టు పెట్టు. పండ్లను ముట్టుకోకు, కరుస్తాయి.

ఇది ఏ పుస్తకంలో చదివానని అడగకు.

బాపును జాగ్రత్తగా చూసుకో.

నీ మల్లిక

~

దేవరకొండ,
19 ఆగస్టు 2022

మల్లికక్కకు,

నీ ఉత్తరం విని అవ్వ నోటి మీద చెయ్యి వేసుకున్నది. "అయ్యో, పండ్లకు బొట్టు వెట్టిచ్చి నా పరువు దీసిండ్రు గదనే! ముందుగాల జెప్పొద్దా?" అని మామను తిట్టి, నొసళ్ళకు బొట్లు పెట్టి తానే తెచ్చి ఇచ్చింది. మామ ప్లేట్లు కడిగి, నువ్వు రాసినట్టే అంతా చేశాడు. సమయానికి అయింది గాని, వాలు మీద పెట్టి చూసే ధైర్యం బాపుకు రాలేదు. "ఇక్కడ జారితె పరీక్షకు పోబుద్ధి గాదు. అక్కడ్నే సూద్దాం" అన్నాడు.

నిన్న నల్లగొండ పోయాం. బాపు, మామ, నేను. పిల్లి కూడా. ఆఫీసు వెనుక ఎత్తు ఉన్నది. బాపు కారును మధ్య దాకా ఎక్కించి ఆపాడు. హ్యాండ్ బ్రేక్ గుంజాడు. పరీక్ష చేసే సారు కారు కిటికీలో నుంచి చూసి "కాలు తియ్యి" అన్నాడు.

బాపు తీయలేదు.

"తియ్యవయ్యా, కాలు."

"తీస్తె పోతది సార్."

"పోతదా లేదా చూడనీకే గదనయ్యా పరీక్ష!"

బాపు నా దిక్కు చూశాడు. నేను తల ఊపాను. బాపు రెండు చేతులతో తన మోకాలు పట్టుకుని, కాలును బ్రేకు మీది నుంచి ఎత్తి పక్కన పెట్టాడు, వేరేవాళ్ళ కాలు ఎత్తినట్టు.

కారు నిలబడింది. పక్కన ఏ బండీ లేదు. ఒంటరిగా, వాలు మీద, చెట్టులాగా నిలబడింది.

సారు రాసుకుంటున్నాడు. ఇంతలో బాపు తలుపు తీసి దిగాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తిరిగి, వెనుక చక్రాల కింది వైపుకు వచ్చి, కారుకు వీపు ఆనించి, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కారు జారితే మొదట జారేది బాపు మీదికే. మోకాలు నిమురుకుంటూ కండ్లు మూసుకున్నాడు.

సారు కాగితాలు పారేసి ఉరికి వచ్చాడు. "ఏయ్! లే! పిచ్చా నీకు? లే అక్కడ్నుంచి!"

"నిలవడ్డది గద సార్," అన్నాడు బాపు కండ్లు తెరవకుండా. "నెల దినాలైంది నేను కాళ్లు సాపి గూసోక."

"ముందు నువ్వు లే, నేను సంతకం పెడ్త!"

"పెట్టుండ్రి సార్. లేస్త."

మామ, నేను చెరొక చెయ్యి పట్టి లేపితే లేచాడు. సారు బానెట్ మీదనే కాగితం పెట్టి సంతకం గీకాడు. కాగితం బాపు చేతిలో పెడుతూ కోపంగా అన్నాడు, "నీ కారు పాసైంది. నువ్వు ఫెయిల్."

బాపు ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నేనెన్నడు పాసైన సార్?" అన్నాడు. "మా ఇంట్ల పాసైంది మా పెద్దబిడ్డ ఒక్కతే."

నీ చెల్లె
నిరోష